తేమ శాతం కొలవడానికి ఏ పద్ధతి: ఓవెన్, ధాన్యం మీటరు, హాలోజెన్ ఎనలైజర్, టోలూయిన్, కార్ల్ ఫిషర్

కారం పొడి యూనిట్‌లోనో, రైస్ మిల్లులోనో, విత్తన శుద్ధి కేంద్రంలోనో చిన్న ప్రయోగశాల పెట్టుకునేవారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్నల్లో తేమ కొలిచే పరికరం ఎంపిక ఒకటి. పరికరాలు అమ్మేవారు హాలోజెన్ మాయిశ్చర్ ఎనలైజర్ (దీపం వేడితో ఆరబెడుతూనే తూచే యంత్రం) చూపించి అయిదు పది నిమిషాల్లో ఫలితం చేతిలో ఉంటుందంటారు. అనుభవమున్న కెమిస్టు ఓవెన్‌లో ఆరబెట్టి తూచిందే లెక్క అంటారు. విదేశీ కొనుగోలుదారు పంపిన కాగితంలో తేమ పరీక్షకు ఐఎస్‌ఓ 939 (మసాలా దినుసుల తేమ కొలిచే అంతర్జాతీయ ప్రమాణం) అని రాసి ఉంటుంది. ముగ్గురి మాటా నిజమే. అయితే ముగ్గురూ మాట్లాడేది ఒకే అంకె గురించి కాదు. కొనేవారు ఈ సంగతి ముందే గ్రహించకపోతే, ఖరీదైన యంత్రం తెచ్చుకున్నాక కూడా బయటి ప్రయోగశాల రిపోర్టుతో తమ అంకె ఎందుకు కలవడం లేదో తెలియక ఇబ్బంది పడతారు.

కాబట్టి పరికరాల జోలికి వెళ్లేముందు ఎంపికను నిర్ణయించే విషయాలను చూద్దాం.

ముందుగా తేల్చుకోవాల్సినవి

మొదటిది, ఈ అంకెను ఎవరు ఒప్పుకోవాలి అన్నది. భారత ఆహార భద్రతా ప్రమాణాల ప్రకారం కారం పొడిలో తేమ 11 శాతం, పసుపు పొడిలో 10 శాతం మించకూడదు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో ధాన్యానికి 17 శాతం హద్దు. ధ్రువీకరించిన వరి విత్తనాన్ని మామూలు సంచిలో నింపితే 13 శాతం, తేమ చొరని ప్యాకెట్‌లో నింపితే 8 శాతం మించకూడదు. ఇలాంటి ప్రతి హద్దు వెనుకా దాన్ని తేల్చే ఒక ప్రామాణిక పద్ధతి ఉంటుంది, వివాదం వచ్చినప్పుడు చెల్లేది ఆ పద్ధతి ఇచ్చిన అంకే. మీ దగ్గరున్న పరికరం ఆ పద్ధతిదే కావాలి, లేదంటే ఆ పద్ధతితో సరిచూసినదైనా కావాలి.

రెండోది, వేడిచేసినప్పుడు నమూనా నుంచి నీరే పోతోందా, ఇంకేమైనా పోతోందా అన్నది. ఓవెన్‌కైనా హాలోజెన్ ఎనలైజర్‌కైనా తెలిసేది బరువు తగ్గిందన్న సంగతి ఒక్కటే. లవంగాల్లో ఆవిరయ్యే నూనె 15 శాతానికి పైగానే ఉంటుంది, పసుపులోనూ ఆ నూనె చెప్పుకోదగినంత ఉంటుంది. వేడికి ఆ నూనెలో కొంత ఎగిరిపోతే, పోయిన బరువంతా తేమ ఖాతాలోనే పడుతుంది. బెల్లం, తేనె, పండ్ల గుజ్జు లాంటి చక్కెర పదార్థాలది మరో ఇబ్బంది: ఉష్ణోగ్రత ఎక్కువైతే చక్కెరే విడిపోయి కొత్తగా నీటిని పుట్టిస్తుంది. బియ్యప్పిండి, గోధుమపిండి లాంటి వాటిలో ఈ బాధ చాలా తక్కువ.

మూడోది వేగం, రోజుకు చేయాల్సిన పరీక్షల సంఖ్య. డ్రయ్యర్ నుంచి సరుకు బయటికి వస్తున్నప్పుడు రెండు గంటల తర్వాత తెలిసే ఫలితం ఆ బ్యాచ్‌ను సరిదిద్దుకోవడానికి పనికిరాదు. అదే, నెలకోసారి కొనుగోలుదారుకు రిపోర్టు ఇవ్వాల్సిన చోట అయిదు నిమిషాల యంత్రం అవసరం లేదు.

నాలుగోది, ఎంత చిన్న తేడాను పట్టుకోవాలి అన్నది. ధాన్యంలో అర శాతం తేడా సాధారణంగా సర్దుకుంటుంది. 11 శాతం హద్దున్న కారం పొడి 10.8 దగ్గర ఉంటే అర శాతం తప్పు ఒక లోడును వెనక్కి తెప్పించగలదు. మందుల ముడిసరుకులో 0.1 శాతం కూడా లెక్కలోకి వస్తుంది.

లెక్క కట్టే తీరు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. తేమను తడి బరువు (నీటితో కలిపిన మొత్తం బరువు) మీద లెక్కించడం వ్యాపారంలో ఆనవాయితీ, పరిశోధనల్లో పొడి బరువు (నీరు తీసేసిన బరువు) మీద కూడా లెక్కిస్తారు. పరికరంలో రెండింటికీ వేర్వేరు సెట్టింగులుంటాయి, పొరపాటున మారిపోతే 20 శాతం తేమ 25 శాతంగా కనబడుతుంది. తడి బరువు లెక్కలోనూ ఒక మెలిక ఉంది. 20 శాతం తేమ ఉన్న క్వింటాలు ధాన్యాన్ని 17 శాతానికి ఆరబెడితే తగ్గేది 3 కిలోలని చాలామంది అనుకుంటారు. నిజానికి అందులో ఉన్న 80 కిలోల పొడి పదార్థం ఇప్పుడు మొత్తంలో 83 శాతం అవుతుంది కాబట్టి మిగిలేది 96.39 కిలోలు, అంటే తరుగు 3.61 కిలోలు. లోడు మొత్తం మీద ఈ తేడా చిన్నది కాదు.

ఒక చూపులో అయిదు పద్ధతులు

| పద్ధతి | నిజంగా కొలిచేది | పట్టే సమయం | బాగా నప్పేది | ప్రధాన లోపం |
|---|---|---|---|---|
| హాట్ ఎయిర్ ఓవెన్ | వేడికి తగ్గిన బరువు | గంట నుంచి 17 గంటలు | ధాన్యం, పిండి, విత్తనాలు. ఇతర పరికరాలను సరిచూడటం | ఆలస్యం |
| ధాన్యం తేమ మీటరు | గింజల విద్యుత్ గుణం | నిమిషం లోపు | కొనుగోలు కేంద్రం, మిల్లు గేటు | గింజ రకం, వేడి, పైతడి మీద ఆధారపడటం |
| హాలోజెన్ ఎనలైజర్ | వేడికి తగ్గిన బరువు | 3 నుంచి 20 నిమిషాలు | ఉత్పత్తి లైను, పొడులు, పిండ్లు | పదార్థానికో సెట్టింగు కుదర్చాలి |
| టోలూయిన్ స్వేదనం | వేరుపడిన నీటి ఘనపరిమాణం | గంట నుంచి కొన్ని గంటలు | మసాలా దినుసులు | మండే ద్రావకం, సన్నని తేడాలు చూపదు |
| కార్ల్ ఫిషర్ | నీరు మాత్రమే, రసాయన చర్య ద్వారా | కొన్ని నిమిషాలు | మందులు, ద్రావకాలు, చాలా తక్కువ తేమ | రసాయనాల ఖర్చు, నేర్పు |

హాట్ ఎయిర్ ఓవెన్

ఖర్చు తక్కువ, నిర్మాణం సరళం, ప్రమాణాలతో నేరుగా ముడిపడి ఉంటుంది. పొడిచేసిన ధాన్యాన్ని 130 నుంచి 133 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు గంటలు ఉంచడం ధాన్యాలకు మూల పద్ధతి. విత్తన పరీక్షలో అంతర్జాతీయ నియమాల ప్రకారం అదే ఉష్ణోగ్రత దగ్గర మొక్కజొన్నకు నాలుగు గంటలు, వరికి రెండు గంటలు పడుతుంది; వేరుశనగ, నువ్వులు వంటి నూనె గింజలను 103 డిగ్రీల దగ్గర 17 గంటలు ఉంచాలి.

ఓవెన్‌లో తప్పులు ఎక్కువగా దొర్లేది తూకం దగ్గర. వేడి గిన్నెను నేరుగా కాటా మీద పెడితే దాని చుట్టూ గాలి పైకి లేచి బరువు తక్కువగా చూపిస్తుంది. డెసికేటర్‌లో (తేమ తగలకుండా చల్లార్చే మూత పాత్ర) పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. ఆ డెసికేటర్‌లో తేమ పీల్చే సిలికా జెల్ రంగు మారిపోయి ఉంటే గిన్నె చల్లారుతూనే తేమను పీల్చుకుంటుంది. తలుపు మధ్యలో తెరిచి కొత్త నమూనా పెట్టడం మరో చెడ్డ అలవాటు: అప్పటికే ఆరుతున్న గిన్నెల మీద కొత్త నమూనా తేమ చేరుతుంది, ఉష్ణోగ్రతా పడిపోతుంది. ఓవెన్‌తో పాటు మిల్లీగ్రాము వరకైనా చూపే కాటా, మూతలున్న గిన్నెలు, డెసికేటర్ కూడా కావాలి కనుక కొనేటప్పుడు ఖర్చును వాటితో కలిపే లెక్క వేసుకోవాలి.

మిగతా ఏ పద్ధతి ఎంచుకున్నా ఓవెన్ ఒకటి ఉండి తీరాలన్నది నా గట్టి అభిప్రాయం. మిగిలినవి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చిన్న యూనిట్ తన గోడల మధ్యే తెలుసుకోవడానికి ఇంతకంటే చవకైన దారి లేదు.

ధాన్యం తేమ మీటరు

కొనుగోలు కేంద్రాల్లో రైతు కళ్ల ముందు నడిచేది ఈ మీటరే. నీటి విద్యుత్ రోధక స్థిరాంకం (డైఎలక్ట్రిక్ కాన్‌స్టంట్) దాదాపు 80, ఎండు గింజది పది లోపే ఉంటుంది. ఈ పెద్ద అంతరం మీద ఆధారపడి గింజల్లో నీరెంతో మీటరు అంచనా వేస్తుంది. అంచనా కాబట్టి ప్రతి పంటకూ దానిదైన క్రమాంకనం (కాలిబ్రేషన్) ఉండాలి. వరి సెట్టింగులో మొక్కజొన్న పోస్తే వచ్చే అంకెకు అర్థం లేదు.

గింజ వేడిగా ఉన్నా, రాత్రి మంచుకో వానకో పైన మాత్రమే తడిసి ఉన్నా, తాలు ఎక్కువై గుల్లగా ఉన్నా మీటరు దారి తప్పుతుంది. డ్రయ్యర్ నుంచి అప్పుడే దిగిన ధాన్యాన్ని చల్లారనిచ్చి కొలవాలి. కుప్పలో పైన, మధ్యన, అడుగున వేర్వేరుగా తీసి, కలిపి, కనీసం మూడుసార్లు చూసి సగటు తీసుకోవాలి. 17 శాతం హద్దు దగ్గర మీటరు అర శాతం ఎక్కువ చూపితే ఆ తప్పు భారం మిల్లరు మీద పడదు. ధాన్యాన్ని మళ్లీ కళ్లంలో ఆరబోసి, మబ్బు పడితే పరదాలు కప్పుకుంటూ కాచుకునే రైతు మీద పడుతుంది. అందుకే సీజన్‌కు ముందు మీటరును ఓవెన్ ఫలితంతో సరిచూసి, ఆ తేదీని మీటరు మీదే రాసి అంటించడం కనీస ధర్మమని నేను భావిస్తాను.

పొడులకు ఈ మీటరు పనికిరాదు. ఎండు మిరపకాయలను చేతిలో ఆడించి గింజల చప్పుడు వినే వ్యాపారి అనుభవం బేరానికి సరిపోతుంది గానీ రిపోర్టుకు సరిపోదు.

హాలోజెన్ మాయిశ్చర్ ఎనలైజర్

ఎక్కువమంది చూపు నిలిచేది దీని మీదే కనుక దీని అమరిక, వాడకం వివరంగా చెప్పుకోవాలి. కాటా మీద అల్యూమినియం ప్యాన్, పైన మూతలో హాలోజెన్ దీపం, పక్కన ఉష్ణోగ్రత సెన్సర్: ఇవే ప్రధాన భాగాలు. దీపం వేడికి నీరు పోతుంటే కాటా ఎడతెగకుండా తూస్తూ శాతాన్ని చూపుతుంది.

దీన్ని ఎక్కడ పెడతారన్నదే సగం పని. ఇది ముందు కాటా, ఆ తర్వాతే హీటరు. గ్రైండింగ్ మిల్లు అదురు తగిలే గోడ పక్కన, ఏసీ గాలి తగిలేచోట, ఫ్యాను కింద, తలుపు దగ్గర పెట్టకూడదు. కదలని రాతి బల్ల మీద పెట్టి, కాళ్లు తిప్పుతూ బుడగ వలయం నడిమికి వచ్చేలా సమతలం చేయాలి. చుట్టూ ఖాళీ వదలాలి, మూత వేడెక్కుతుంది గనుక దాని మీద కాగితమో గుడ్డో పెట్టకూడదు. కరెంటు ఎక్కువ తక్కువలయ్యే చోట తగిన సామర్థ్యమున్న స్టెబిలైజర్ తప్పదు. ఆన్ చేశాక కనీసం అరగంట అలాగే వదిలేసి, ఆ తర్వాత ప్రామాణిక బరువుతో కాటాను క్రమాంకనం చేయాలి. ఉష్ణోగ్రత క్రమాంకనానికి వేరే కిట్ ఉంటుంది. చాలా యూనిట్లు దాన్ని కొనవు, ఏళ్ల తరబడి బరువు ఒక్కటే సరిచూస్తూ ఉంటాయి. దీపం మార్చిన తర్వాత, అద్దం మసకబారిన తర్వాత ఉష్ణోగ్రత తప్పకుండా సరిచూడాలి.

నమూనా విషయానికి వస్తే, బస్తాల్లో అక్కడక్కడా గుచ్చి తీసినదంతా కలిపి, అందులోంచి పరీక్షకు తీసుకోవాలి. కాయలనైతే కొద్దికొద్దిగా, ఆపి ఆపి పొడి కొట్టాలి. మిక్సీ జారు వేడెక్కితే పరీక్షకు ముందే కొంత తేమ పోతుంది. కొట్టిన పొడిని బిగుతు మూత ఉన్న సీసాలో ఉంచాలి, పల్చటి పాలిథిన్ కవరు తేమను ఎక్కువసేపు ఆపలేదు. మే నెల ఎండల్లో గుంటూరులో తెరిచి పెట్టిన పొడి ఆరిపోతుంది, ఆగస్టు వానల్లో కాకినాడలో అదే పొడి తేమను లాక్కుంటుంది. సీసా తెరవడం, ప్యాన్‌లో పోయడం, మూత మూయడం ఒకే ఊపులో జరగాలి.

ఎంత పోయాలి? కాటా 1 మిల్లీగ్రాము వరకు చూపుతుందనుకుంటే, 1 గ్రాము నమూనాలో ఒక్క మిల్లీగ్రాము తేడా 0.1 శాతం అవుతుంది, 5 గ్రాములకు 0.02 శాతమే అవుతుంది. అలాగని 15 గ్రాములు కుప్పగా పోస్తే పైపొర మాడి అడుగు పచ్చిగా ఉండిపోతుంది. పొడులకు 3 నుంచి 5 గ్రాములు ప్యాన్ అంతటా పలుచగా, సమంగా పరవడం మంచిది. ప్రతిసారీ దాదాపు అదే బరువు తీసుకోవాలి, లేకపోతే ఈ పరీక్షకూ ఆ పరీక్షకూ పోలిక చెడిపోతుంది. పాకం, గుజ్జు, సాస్ లాంటివాటిని గ్లాస్ ఫైబర్ ప్యాడ్ మీద పూసి ఆరబెడితే పైన తోలు కట్టకుండా నీరు బయటికి వస్తుంది.

ఇక అసలు ప్రశ్న, ఉష్ణోగ్రత. ఉదాహరణకు ఓవెన్‌లో 105 డిగ్రీలు వాడుతుంటే ఇక్కడా 105 పెడితే సరిపోతుందనుకోవడం సహజం, కానీ అది తప్పు. ఓవెన్‌లో గాలి వేడెక్కి నమూనాను వేడిచేస్తుంది, ఇక్కడ దీపం కిరణాలు నేరుగా నమూనా మీద పడతాయి. ముదురు రంగు పదార్థం ఆ కిరణాలను ఎక్కువగా పీల్చుకుంటుంది. అందువల్ల తెరమీద 105 అనే కనబడుతున్నా ఎర్రటి కారం పొడి ఉపరితలం తెల్లటి బియ్యప్పిండి కంటే వేడిగా ఉండవచ్చు. తెరమీది అంకె సెన్సర్ దగ్గరి ఉష్ణోగ్రతే, నమూనా ఉష్ణోగ్రత కాదు.

కాబట్టి ప్రతి పదార్థానికీ సెట్టింగును ఓవెన్‌తో సరిపోల్చి కుదుర్చుకోవాల్సిందే. ఒకే కారం పొడిని మూడు భాగాలు చేయండి. ఒకదాన్ని సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఉంచి కొంత ఆరనివ్వండి, ఒకదాన్ని అలాగే ఉంచండి, మూడోదానికి తడి గాలి తగలనిచ్చి తేమ పెంచండి. మూడింటినీ మూత బిగించి ఒక రాత్రి ఉంచితే తేమ లోపలంతా సమంగా సర్దుకుంటుంది. ప్రతి భాగాన్నీ ఓవెన్‌లో రెండు గిన్నెల్లో, ఎనలైజర్‌లో మూడుసార్లు పరీక్షించండి. ఉదాహరణకు ఓవెన్ 10.6 చూపి, ఎనలైజర్ 105 డిగ్రీల దగ్గర సగటున 9.9 చూపిందనుకుందాం. అయిదేసి డిగ్రీలు పెంచుకుంటూ దగ్గరికి తీసుకురండి. ఏదో ఒక్క స్థాయిలో కలిస్తే సంతృప్తి పడకూడదు. ఆరిన భాగంలోనూ తడి భాగంలోనూ కూడా కలిసినప్పుడే ఆ సెట్టింగు నమ్మదగినది. తక్కువ తేమ దగ్గర ఎనలైజర్ ఎక్కువ చూపుతూ, ఎక్కువ తేమ దగ్గర తక్కువ చూపుతుంటే ఉష్ణోగ్రత ఎక్కువైంది, సమయం చాలలేదు అని రెండూ అనుమానించాలి.

ప్యాన్‌ను చూసినా చాలా తెలుస్తుంది. పరీక్ష ముగిశాక పొడి రంగు అంచుల్లో ముదురు గోధుమకు తిరిగినా, మూత తీయగానే మాడు వాసన వచ్చినా, తెరమీది గీత చదునుగా నిలవకుండా నెమ్మదిగా జారుతూనే ఉన్నా, పోతున్నది నీరొక్కటే కాదు, పదార్థమే విడిపోతోంది. అప్పుడు ఓవెన్ అంకెతో కలిసినా ఆ కలయికను నమ్మకూడదు. ఉష్ణోగ్రత తగ్గించి, సమయం పెంచి మళ్లీ మొదలుపెట్టాలి.

పరీక్షను ఎప్పుడు ఆపాలన్నది రెండు రకాలుగా నిర్ణయించవచ్చు. నిర్ణీత నిమిషాలకు ఆపడం ఒకటి; బరువు తగ్గడం దాదాపు నిలిచినప్పుడు, ఉదాహరణకు 50 సెకన్లలో 1 మిల్లీగ్రాము కంటే తక్కువ తగ్గినప్పుడు, యంత్రమే ఆపడం రెండోది. రోజువారీ పనికి రెండోది మేలు. వోల్టేజీ పడిపోయి దీపం వేడెక్కడం ఆలస్యమైనా ఫలితం మీద అంతగా ప్రభావం ఉండదు. వేగం కోసం మొదట ఉష్ణోగ్రతను హెచ్చించి తర్వాత దించే పద్ధతి తేమ ఎక్కువున్న పదార్థాలకు పనికొస్తుంది. చక్కెర ఉన్నవాటికీ, పైపొర కట్టేవాటికీ నెమ్మదిగా వేడి పెంచే పద్ధతే వాడాలి.

రోజు మొత్తం వాడేటప్పుడు మరో సంగతి గమనించాలి. ఉదయం చల్లగా ఉన్న యంత్రం మీద చేసిన మొదటి పరీక్షకూ వేడెక్కిన తర్వాతి వాటికీ కొద్దిపాటి తేడా వస్తుంది. మొదటిది లెక్కలోకి తీసుకోని పరీక్షగా చేసి, ఆపై రెండేసి పరీక్షల మధ్య ఒకే వ్యవధి ఇవ్వడం మంచిది. వేడి ప్యాన్ హోల్డరు మీద కొత్త నమూనా పోస్తే తూకం పూర్తయ్యేలోపే తేమ ఎగరడం మొదలవుతుంది. యంత్రం మొత్తం సరిగా ఉందో లేదో చూడటానికి సోడియం టార్ట్రేట్ డైహైడ్రేట్ మంచి సాధనం. అందులో స్ఫటిక జలం 15.66 శాతం. దాన్ని తగినంత ఉష్ణోగ్రత దగ్గర ఆరబెట్టి వారానికోసారి ఆ అంకెను చార్టు మీద గుర్తిస్తే, యంత్రం జారిపోవడం మొదలైన వారమే తెలిసిపోతుంది.

ఆల్కహాల్, ఇతర ద్రావకాలు ఉన్న నమూనాలను మాత్రం దీనిలో పెట్టకూడదు. ఎర్రగా కాలే దీపం కింద మండే ఆవిరి చేరడం ప్రమాదకరం.

టోలూయిన్ స్వేదనం

మసాలా దినుసులకు ఐఎస్‌ఓ 939 చెప్పేది ఈ పద్ధతే. నమూనాను టోలూయిన్‌లో మరిగిస్తే నీరు, టోలూయిన్ కలిసి ఆవిరై, చల్లబడి, గీతలున్న గొట్టంలోకి దిగుతాయి. నీరు బరువు కనుక అడుగున చేరుతుంది, ఎంత చేరిందో మిల్లీలీటర్లలో నేరుగా చదవవచ్చు. ఆవిరి నూనె టోలూయిన్‌లో కలిసి పైనే ఉండిపోతుంది. లవంగం, జీలకర్ర, యాలకులు, పసుపు వంటి వాటికి ఈ ఒక్క కారణం చాలు, ఓవెన్ అంకెను పక్కన పెట్టి దీన్ని నమ్మడానికి.

ఇబ్బందులూ ఉన్నాయి. 40 గ్రాముల నమూనాకు గొట్టంలో 0.1 మిల్లీలీటరు తేడాగా చదివితేనే 0.25 శాతం మారుతుంది. గాజు శుభ్రంగా లేకపోతే నీటి బొట్లు గోడలకు అంటుకుని కిందికి దిగవు. టోలూయిన్ మండుతుంది, దాని ఆవిరి ఆరోగ్యానికి హాని. ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగే గూడు) లేకుండా, మంట మీద ఈ పరీక్ష ఎవరూ చేయకూడదు; హీటింగ్ మాంటిల్ (మంట లేకుండా ఫ్లాస్కును వేడిచేసే విద్యుత్ తొడుగు) వాడాలి. ఆ సౌకర్యం లేనివారు బయటి గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపడమే మేలు.

కార్ల్ ఫిషర్ టైట్రేషన్

1935లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఫిషర్ ప్రచురించిన ఈ పద్ధతిలో అయోడిన్, సల్ఫర్ డయాక్సైడ్ నీటి సమక్షంలోనే చర్య జరుపుతాయి. ఎంత అయోడిన్ ఖర్చయిందో దాన్నిబట్టి నీరెంతో తెలుస్తుంది. నూనె ఎగిరినా దీనికి లెక్కలేదు, నీటినే చూస్తుంది. స్ఫటికంలో బంధించి ఉన్న నీటినీ పట్టుకుంటుంది. అమాక్సిసిలిన్ ట్రైహైడ్రేట్‌లో నీరు 11.5 నుంచి 14.5 శాతం మధ్య ఉండాలన్న నియమం ఈ పరీక్షతోనే తేలుతుంది. ఔషధ ప్రమాణ గ్రంథాల్లో (ఫార్మకోపియాల్లో) ఆరబెడితే తగ్గే బరువు, నీటి శాతం అనేవి రెండు వేర్వేరు పరీక్షలు. పటాన్‌చెరు, పరవాడ ఔషధ కర్మాగారాల్లో పనిచేసేవారికి ఇది తెలిసిందే, ఆహార రంగం నుంచి వచ్చేవారు మాత్రం గుర్తుపెట్టుకోవాలి.

తేమ శాతాల్లో ఉంటే వాల్యూమెట్రిక్ రకం (పోసిన రసాయనం ఘనపరిమాణం చూసేది), మిలియన్‌లో భాగాల్లో ఉంటే కూలోమెట్రిక్ రకం (కరెంటుతో అయోడిన్ పుట్టించి లెక్కించేది) సరిపోతాయి. వానాకాలంలో గాలిలోని తేమే పాత్రలోకి చొరబడుతుంది కాబట్టి ఆరబెట్టే గొట్టాల్లోని మాలిక్యులర్ సీవ్‌ను (తేమ పీల్చే గుళికలు) సకాలంలో మార్చాలి. వాల్యూమెట్రిక్ రకంలో రసాయనం బలాన్ని రోజూ సరిచూడాలి. ఆల్డిహైడ్లు, కీటోన్లు, విటమిన్ సి ఉన్న నమూనాలు చర్యను చెడగొడతాయి. కారం పొడి యూనిట్‌కు ఇది అనవసరపు ఖర్చు.

ఎవరికి ఏది

రైస్ మిల్లుకు, కొనుగోలు కేంద్రానికి ధాన్యం మీటరు, దాన్ని సరిచూడటానికి ఓవెన్ చాలు. హాలోజెన్ యంత్రం ఇక్కడ తప్పనిసరి కాదు.

విత్తన సంస్థకు ఓవెన్ తప్పదు, ధ్రువీకరణ దానితోనే ముడిపడి ఉంది. రోజూ శుద్ధి లైను మీద చూసుకోవడానికి మీటరు చేర్చుకోవచ్చు.

కారం పొడి, పిండి, రవ్వ తయారీదారుకు హాలోజెన్ యంత్రం, ఓవెన్ కలిసి ఉండటమే నా సలహా. యంత్రం ఒక్కటే కొని ఓవెన్‌ను తర్వాత చూద్దామనుకోవడం మంచిది కాదు, సెట్టింగు కుదర్చడానికి ఆధారమే ఉండదు. డబ్బు ఒకదానికే సరిపోతే ఓవెన్ కొని, రోజుకు నాలుగైదు నమూనాలతో సరిపెట్టుకోవడం మేలు. హద్దు 11 అయితే లోపలి హద్దును 10.5 దగ్గర పెట్టుకోవాలి. మీ యంత్రానికీ అధికారిక ప్రయోగశాలకూ మధ్య 0.3 శాతం తేడా వచ్చినా సరుకు గట్టెక్కుతుంది.

పసుపు, గరం మసాలా, ఎగుమతి సుగంధ ద్రవ్యాల వారి పరిస్థితి మరింత చిక్కు. లైను మీద హాలోజెన్ యంత్రమే వేగంగా పనికొస్తుంది, కానీ రిపోర్టులో టోలూయిన్ అంకె కావాలి. ఇక్కడ హాలోజెన్ సెట్టింగును టోలూయిన్ ఫలితంతో కుదుర్చుకోవాలి, ఓవెన్‌తో కాదు. నూనె శాతం పంటను బట్టి, నిల్వ కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఒకసారి కుదిర్చిన సెట్టింగును ఏటా కొత్త పంట రాగానే మళ్లీ చూడాలి. నిజామాబాద్ పసుపుకు కుదిరిన సెట్టింగును దుగ్గిరాల పసుపుకు సరిచూడకుండా వాడకూడదు.

బెల్లం, పాకం, పండ్ల గుజ్జు వారికి మామూలు ఓవెన్ కంటే 70 డిగ్రీలు దాటకుండా ఆరబెట్టే వాక్యూమ్ ఓవెన్ మేలు. తేనెకు ఏ వేడీ అక్కర్లేదు, కాంతి ఎంత వంగుతుందో చూసే రిఫ్రాక్టోమీటర్‌తో తేల్చవచ్చు. మందుల తయారీదారు ప్రమాణ గ్రంథం ఏ పరీక్ష చెబితే అదే చేయాలి, ఎంపికకు తావు లేదు.

కొనే ముందు

యంత్రం చూపించడానికి వచ్చినవారు తమ వెంట తెచ్చిన నమూనాతో పరీక్ష చేస్తే దాన్నిబట్టి నిర్ణయించవద్దు. ఓవెన్‌లోనో, బయటి ప్రయోగశాలలోనో తేమ తేలిన మీ సరుకునే మూడు సీసాల్లో ఇవ్వండి, సీసాల మీద అంకెలు రాయవద్దు. ఒక్కోదాన్ని మూడుసార్లు చేయించి, ఫలితాలు ఒకదానికొకటి ఎంత దగ్గరగా ఉన్నాయో, ఓవెన్‌కు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఉష్ణోగ్రత క్రమాంకన కిట్ ధరను కొటేషన్‌లో విడిగా రాయించుకోండి. దీపం పోతే ఎన్ని రోజుల్లో ఎవరు వచ్చి మారుస్తారో, మార్చాక క్రమాంకన పత్రం ఇస్తారో లేదో కాగితం మీద తీసుకోండి. ప్యాన్‌లు ఒకసారి వాడి పారేసేవి కనుక రోజుకు ఇరవై పరీక్షలు చేసే యూనిట్‌కు ఏడాదిలో ఎన్ని కావాలో, ఒక్కో ప్యాన్ ధరెంతో లెక్క వేసి యంత్రం ధరకు కలపండి. రెండు కొటేషన్ల మధ్య తేడా అక్కడే తారుమారు కావచ్చు.